గీత పక్క బుడిపె

"ఆ గొడుగు బయట పెట్టండి."

ల్యాబ్ గుమ్మంలో సాయిశంకర్‌ విన్న మొదటి మాట అదే. మద్దిలపాలెంలో బస్సు దిగి, వానలో పరుగెత్తుకుంటూ వచ్చాడు పాపం.

"గొడుగొక్కటేనా, నన్ను కూడానా?"

"మీరు ఆరాక రండి. నా మెషీన్‌కి తడంటే గిట్టదు."

వరండాలో నిలబడి ఆరాడు. ఆరుతున్నంతసేపూ కిటికీ అద్దంలోంచి ఆ అమ్మాయిని చూశాడు. అంత మెల్లగా ఆరిన మనిషి విశాఖపట్నంలో ఇంకొకడుండడు.

ఆమె పేరు ఈశ్వరి. నక్షత్రాల మధ్య తేలే మబ్బుల్లో ఫలానా అణువు ఉందో లేదో తేల్చే పనిని గైడు అర్జునరావు గారు ఇద్దరికీ కలిపి అప్పగించారు. టెలిస్కోపు పంపిన వెలుతురు గీతలు, అణువుల వేలిముద్రల్లాంటివి, చూడడం సాయిశంకర్ వంతు. అదే అణువు వాయువుని ఇక్కడ గాజు గొట్టంలో నింపి, దాని గీతలు కొలవడం ఈశ్వరి వంతు. రెండూ కలిస్తే అణువు అక్కడ ఉన్నట్టే.

ఈ చదువులోకి ఎలా వచ్చారని ఒకరోజు అడిగాడు.

"మా నాన్నకి ఫిషింగ్ హార్బర్‌లో బోటుంది. బోటు కనబడకముందే ఇంజన్ చప్పుడుబట్టి అది మాదో కాదో చెప్పేస్తాను. కానీ ఆ చప్పుడు ముందు ఒడ్డున విని ఉండాలి కదా. ఇక్కడ చేసేదీ అదే."

సాయిశంకర్ తన డేటా మెయిల్‌లో పంపితే సరిపోయేది. అయినా రోజూ మధురవాడ నుంచి బస్సెక్కి వచ్చేవాడు. మెషీన్ మూత తీసి గొట్టం మార్చాలంటే ఒకరు పట్టుకోవాలి, ఒకరు బిగించాలి అని తనే ఒక రూలు పెట్టాడు. ఇద్దరి తలలూ ఆ డబ్బా మీదికి వంగేవి. ఆమె వాళ్ల నాన్న ఫోన్లో అరిచే తీరు అనుకరించేది, ఇతను తన అమ్మమ్మ బస్సులో సీటు సంపాదించే విద్య వర్ణించేవాడు. నవ్వులయ్యాక మూత మూసి, పొడి నైట్రోజన్ పంపి లోపలి తేమ తరిమేవాళ్ళు.

చిక్కల్లా ఒక్కటే. వాళ్లకి కావలసిన గీతని ఆనుకుని చిన్న బుడిపె. దానివల్ల గీత అసలు చోటు తేలడం లేదు. అది పోయేదాకా పేపరు లేదన్నారు అర్జునరావు గారు. పేపరు లేనిదే ఈశ్వరి థీసిస్ కదలదు.

గొట్టాలు కడిగారు, రబ్బరు రింగులు మార్చారు. బుడిపె ఒకరోజు పెద్దది, ఒకరోజు చిన్నది. పోదు.

ఒకసారి తనని అడక్కుండా స్క్రూ బిగించాడని ఈశ్వరి కసిరింది. అతను అలిగి మూలన కూర్చున్నాడు. ఆ రోజు బుడిపె కనబడీ కనబడనట్టుంది. మర్నాడు ఆమె వంజరం చేప వేపుడు తెచ్చి ముందు పెట్టింది. రాజీ అయిపోయారు, మూత తీసి నవ్వుకున్నారు. బుడిపె మళ్ళీ లేచింది.

ఆ సాయంత్రం వానలో ఎండాడ దాటుతుంటే, సాయిశంకర్ ముఖం ముందు బస్సు అద్దం మసకబారింది. వేలితో తుడిచాడు. మళ్ళీ మసకబారింది, తన ఊపిరికే.

గొడుగుని గెంటేశారు గానీ, తేమంతా వాళ్ల నోటినుంచే లోపలికి వెళ్లి, నైట్రోజన్‌కీ లొంగక తన గీత తను గీస్తోంది. ఎంత నవ్వితే అంత బుడిపె. మందు తేలికే: ఒక్కరే, మాస్కు కట్టుకుని, మాట్లాడకుండా పని చేయాలి. అంటే ఇంక అతను రానక్కర్లేదు.

రెండ్రోజులు ఆ మాట మింగి తిరిగాడు. మూడోరోజు ఆమె కళ్ళకింద నలుపు చూసి ఉండబట్టలేకపోయాడు.

"ఆ బుడిపె మనమే. మన ఊపిరి. రేపట్నుంచి మీరొక్కరే చెయ్యండి."

ఈశ్వరి చేతిలోని గొట్టం వైపే చూస్తూ, "తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"మీరు అలిగిన రోజునుంచి."

"మరి చెప్పలేదేం?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మాస్కు తీసి కట్టుకుంది, అది కూడా దాక్కోవడానికేనేమో. "లాప్‌టాప్ పట్టుకుని వరండాలోకి వెళ్ళండి. ఈరోజే చూద్దాం."

బయట సన్నటి జల్లు. లోపల ఆమె ఒక్కతే గొట్టం మార్చి, మూత మూసి, నిలబడి ఎదురుచూసింది. చాలాసేపటికి కిటికీ దగ్గరకొచ్చి అరచేతిని అద్దానికి ఆనించింది. చేతిమీద పెన్నుతో రాసిన అంకెలు. బుడిపె లేని గీత చోటు.

సాయిశంకర్ తన అంకెలతో పోల్చాడు. నమ్మలేక ఇంకోసారి పోల్చాడు. తర్వాత అద్దంమీద గట్టిగా ఊది, ఆ మసకలో వేలితో రాశాడు: పొంతన కుదిరింది.

అక్షరాలు అటునుంచి తిరగబడి కనబడ్డాయి. ఆమె తల వంచి కూడబలుక్కుని చదివి, పరుగెత్తుకుంటూ వరండాలోకొచ్చింది. మాస్కు గడ్డం కిందికి జారింది.

"రేపు మానేస్తావా?"

మీరు పోయి నువ్వు వచ్చింది. అతను గమనించాడు.

"నువ్వు రమ్మంటే రూలు మార్చేస్తాను."

"రా."

అంతలో ఆమె ఫోన్ మోగింది. బోటు ఒడ్డు చేరగానే ఫోన్ చేసే తండ్రి దాలయ్య. ఆనందం ఆపుకోలేక, "నాన్నా, పొంతన కుదిరింది!" అనేసింది.

సముద్రం హోరు మీంచి దాలయ్య అరిచాడు. "ఎవులే ఆ పిల్లడు?"

ఈశ్వరి నాలిక్కరుచుకుంది. అణువు సంగతి చెప్పబోయి, సాయిశంకర్ ముఖంలో ఆశ చూసి ఆగిపోయింది. "నాతో పని సేసే అబ్బాయి నాన్నా. రైతులోల పిల్లడు, మనోడు కాదు."

ఈసారి దాలయ్య అరవకుండా, నెమ్మదిగా అడిగాడు:

"సేపలు తింటాడేటి?"

ఇద్దరి తలలూ ఫోన్ మీదికి వంగాయి.

"తింటానండీ," అన్నాడు సాయిశంకర్.