మూడు ఎదురు ప్రశ్నలు

"రేపు అందరూ రోల్ ప్లేకి సిద్ధమై రండి" అని చెప్పింది ఐటీఐ మాష్టార్లకి శిక్షణ ఇస్తున్న ఏలియమ్మ టీచర్. రేకుల కప్పు మీద వాన డప్పు వాయిస్తుంటే, వెనక బెంచీలో ఉన్న సుజీష్‌కి అది "రోల్డ్ ప్లేట్" అని వినబడింది. ఫిట్టరు కదా, ఏ మాటనైనా తన చెవి సైజుకి అరగదీసి బిగించుకుంటాడు.

మర్నాడు పొద్దున ఆరు కిలోల ఇనప పలకని భుజాన మోసుకుంటూ, కోళికోడ్ సిటీ బస్సు దిగి, తడిసి ముద్దై శిక్షణ హాలు గుమ్మం ఎక్కాడు.

"ఇదేంటి మాషే, మీ ఇంటి తలుపు ఊడొచ్చేసిందా?" అంది అక్కడ గొడుగు ముడుస్తున్న అమ్మాయి.

"ప్లేట్ తెమ్మన్నారు కదా టీచరే!"

"అయ్యో రామా! తెమ్మన్నది ప్లేటు కాదు, ఆడమన్నది ప్లే. ఇవాళ మీరు పాఠం చెప్పే మాష్, నేను ఏమీ రాని స్టూడెంటుని. నాటకం, అంతే!"

ఆ అమ్మాయి పేరు ప్రజిత. కాసర్‌గోడ్ ఐటీఐలో కుట్టుపని నేర్పుతుంది. పిల్లల్ని "కుట్టీ, కుట్టీ" అని పిలుస్తూ కుట్టు నేర్పే మనిషి అలా పకపకా నవ్వేసరికి, కొల్లం ఐటీఐలో ఫిట్టరు పని నేర్పే సుజీష్‌కి గుండెల్లో సూది దిగింది. ఆ సూదికి దారం కూడా ఉన్నట్టుంది, ఆవిడ ఎటు కదిలితే ఇతనూ అటే కదిలాడు.

శిక్షణ పది రోజులు. విద్యార్థి తనంతట తాను నేర్చుకునేలా పాఠం చెప్పడం ఎలా అన్నది విషయం. ఏలియమ్మ టీచర్ మొదటి రోజే రెండు చట్టాలు చేసేసింది. ఒకటి, మాష్ చేతులు వెనక్కే ఉండాలి, పనిముట్టు స్టూడెంటు చేతిలోనే ఉండాలి. రెండు, హాల్లో ఎవరేం అడిగినా జవాబు చెప్పకూడదు. మూడు ఎదురు ప్రశ్నలు వెయ్యాలి, వాటిని పట్టుకుని అడిగినవాడే జవాబు దాకా నడవాలి.

దాంతో హాలంతా ప్రశ్నపత్రం అయిపోయింది. "చాయ్ తాగుదామా మొయిదీన్ ఇక్కా?" అని వెల్డింగు మాష్‌ని అడిగితే, "ఇప్పుడా? ఎవరు తాగిస్తారు? పక్కన అరటిపండు పళంపొరి ఉందా?" అనేవాడు. ఆ మూడింటికీ సమాధానం దొరికేసరికి చాయ్ చల్లారేది.

సుజీష్‌కి మాత్రం మొదటి చట్టమే ప్రాణసంకటం. ఆఫీసుల్లో ఫైలు కదలదంటారు. ఇతని వర్క్‌షాపులో ఫైలు, అదే, ఆకురాయి, పిల్లల చేతిలో నిలవదు. ఎనిమిదేళ్ళుగా "ఇటు తేరా!" అని లాక్కుని, తనే నున్నగా రుద్ది ఇచ్చేస్తున్నాడు.

ఆ రోజు నాటకంలో ప్రజిత ఆకురాయి పట్టింది. ఇనప ముక్క అంచు పల్లకీ బొంగులా ఒంపు తిరిగింది. సుజీష్ వీపు వెనక కుడిచేతిని ఎడమచేత్తో దొంగని పట్టినట్టు పట్టుకున్నాడు.

"వంకర పోతోందేం మాషే?"

"బరువు ఏ చేతి మీద పడుతోంది? పాదాలు ఎలా పెట్టారు? తోసేటప్పుడా, వెనక్కి లాగేటప్పుడా నొక్కుతున్నది?"

ఆమె పెదవి కొరికింది. కాలు జరిపింది. ఇంకోసారి తోసింది. పది నిమిషాలకి అంచు చదునైంది.

"వచ్చేసింది! ఎవరూ చెప్పకుండానే!"

ఆ ముఖంలో వెలిగిన వెలుగు చూసి సుజీష్ వెనక పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. ఎనిమిదేళ్ళలో తన పిల్లల్లో ఒక్కడి ముఖమైనా ఇలా వెలిగిందా? వెలగడానికి తనెప్పుడు చోటిచ్చాడు?

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మొయిదీన్ ఇక్క చట్టాన్ని పక్కన పెట్టి చెవిలో వేశాడు. "మోనే, నాయనా, ఆదివారం ఆ పిల్లని చూసుకోడానికి పయ్యన్నూర్ నుంచి వస్తున్నారంట. రేపటితో మీ ఇద్దరిదీ చెరో రైలు. ఆ తర్వాత నీ ఇష్టం."

సాయంత్రం హాల్లో చార్టులు చుడుతున్న ప్రజిత దగ్గరికెళ్ళి, గొంతు సవరించుకుని, ఒక్క గుక్కలో అడిగేశాడు.

"టీచరే, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె చార్టు మీంచి తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"మా ఐటీఐలో ఫిట్టరు పోస్టు ఖాళీగా ఉందని ఎవరైనా చెప్పారా మీకు? మా అమ్మ చేపలకూర రెండోసారి వడ్డించుకునేవాళ్ళంటే ఆవిడకి ఎంత ఇష్టమో తెలుసా? ఆదివారం పయ్యన్నూర్ వాళ్ళొచ్చేది సాయంత్రమైతే, మా నాన్న పొద్దున్నే గేటు తీసి ఎవరి కోసం కూర్చుంటారు?"

చార్టులు చంకన పెట్టుకుని వాన లోకి పరుగెత్తింది.

సుజీష్ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మూడు. సరిగ్గా మూడు! 'అయిపోయింది. పెళ్ళి మాటెత్తితే క్లాసు పీకి పోయింది' అనుకున్నాడు.

ఆఖరి రోజు అందరూ తాము నేర్చుకున్నది చెప్పాలి. సుజీష్ ఉబ్బిన కళ్ళతో లేచాడు.

"పద్ధతి మంచిదే టీచర్. కానీ కొన్ని ప్రశ్నలకి జవాబు చెప్పి తీరాలి. ఎదురు ప్రశ్నలేస్తే మనిషి చస్తాడు."

"ఏ ప్రశ్న? ఎవర్ని అడిగారు? వాళ్ళు తిరిగి ఏమడిగారు?" అంది ఏలియమ్మ టీచర్.

"ఏ ప్రశ్నో, ఎవర్నో వదిలెయ్యండి. తిరిగి ఏమడిగారో వినండి, మీకే తెలుస్తుంది సంబంధం ఉందో లేదో! ఫిట్టరు పోస్టు ఖాళీ ఉందని తెలుసా అట. చేపలకూర రెండోసారి వడ్డించుకుంటే ఇష్టమట. ఆదివారం పొద్దున్నే వాళ్ళ నాన్న గేటు తీసి ఎవరి కోసం..."

ఆగిపోయాడు.

అతని ముఖం మెల్లగా, చివరి నుంచి మొదటికి, మూడు ప్రశ్నలూ వెనక్కి చదువుకుంటున్నట్టు వెలగసాగింది.

"ఏమైందిరా మోనే?" అన్నాడు మొయిదీన్ ఇక్క.

"ఇక్కా... నేను రూలు అనుకున్నాను. అవి ప్రశ్నలు కావు."

అందరి తలలూ ప్రజిత వైపు తిరిగాయి. ఆమె లేచి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"అవును, అందరూ వినండి. రూలు కోసం అడగలేదు. సరే అనడానికి సిగ్గేసి, రూలు అడ్డం పెట్టుకున్నాను. మాష్ సంగతి నాన్నకి నాలుగు రోజుల క్రితమే చెప్పాను. ఈయనకి అర్థమైందనుకుని రాత్రంతా సంతోషపడ్డాను. ఈయనేమో రాత్రంతా ఏడ్చినట్టున్నారు!"

హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు. ఏలియమ్మ టీచర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"మాషే," అంది ప్రజిత, ఈసారి అతని కళ్ళలోకే చూస్తూ. "ఆదివారం ఎనిమిదింటికల్లా మా ఇంటికి రండి. ఇది ప్రశ్న కాదు."