కుడితిలో కలిసిన బాలామృతం

ఆరు గంటలకల్లా కోమలి క్యాను పాలకేంద్రంలో దించింది. మెషిన్ పాలలో ఫ్యాటు నాలుగున్నర శాతం చూపించింది. రెండు నెలల కిందట మూడు దగ్గరే ఆగిపోయిన ఆవు ఇది.

"ఏం మేపుతుండావు మే? మాగ్గూడా సెప్పు" అంది పక్కింటి అక్క.

కోమలి నవ్వి ఊరుకుంది. చెప్పుకోదగిన మేతైతే చెప్పే ఉండేది.

రెండున్నరేళ్ల కూతురు లోహితకు అంగన్‌వాడీలో నెలనెలా బాలామృతం పిండి ఇస్తారు. మొదటిసారి వేడినీళ్లలో కలిపి పెడితే పిల్ల ఉమ్మేసింది. పారబోయడమెందుకని కోమలి దాన్ని కుడితిలో కలిపింది. పిండి మహిమో, పచ్చిగడ్డి మహిమో, ఫ్యాటు పెరిగింది. అంతే, చేతికి అలవాటైపోయింది. మొగుడు మునిచంద్ర నాయుడుపేట ఫ్యాక్టరీలో పనిచేస్తూ నెలకోసారి వస్తాడు. ఇక్కడ పాకాల పక్క పల్లెలో ఇల్లు నడిచేది ఆ ఆవు మీదే. కాబట్టి పిండి ఆవుకు, పాలు క్యానుకు, పిల్లకు టీలో ముంచిన బిస్కెట్టు.

ఆ రోజు అంగన్‌వాడీలో పిల్లల్ని తూచే రోజు. అత్త సుబ్బులమ్మ మనవరాలిని చంకనేసుకుని కోడలి వెంట వచ్చింది. టీచరు పవిత్ర బరువు చూసి, చార్టులో చుక్క పెట్టి తలెత్తింది.

"పోయిన నెల ఆకుపచ్చ రంగులో ఉన్న బిడ్డ బరువు తగ్గి పసుపులోకి దిగిపోయినాది. కోమలక్కా, పిండి పెడతాండావా లేదా?"

పదిమంది తల్లులు తిరిగి చూశారు. నింద మోయడానికి అత్తను మించిన భుజం ఏ కోడలికి దొరుకుతుంది?

"నేను పెడదామనే అంటా టీచరమ్మా. మా అత్త ఆవుకు పోసేస్తాది. పెద్దామెను ఏమనేది?"

సుబ్బులమ్మ కోడలి వంక ఒక్కసారి చూసింది. కాదనలేదు. మనవరాలి గౌను గుండీ పెడుతూ కూర్చుంది.

"పెద్దదానివి, నీకు తెలీకుంటే ఎట్ల అవ్వా?" అని టీచరు మెత్తగానే మందలించింది.

తర్వాత ఆమె పిండిని దోరగా వేయించి, చెనక్కాయల పొడి, బెల్లం కలిపి ఉండలు చుట్టి చూపించింది. "ఉడుకునీళ్లలో గడ్డలు కడితే పెద్దోళ్లమే మింగలేము. ఒకసారి ఉమ్మేస్తే ఇంకో తీరుగా సేసి పెట్టాల" అంది. లోహిత రెండు ఉండలు తిని మూడోదానికి చెయ్యి చాపింది. కోమలి తేలు కుట్టిన దొంగలా తలొంచుకుంది.

ఇంటిదారి పొడుగునా కోమలి క్షమించమని అడిగే మాటలు కూడబలుక్కుంటూనే ఉంది, ఒక్కటీ పెదవి దాటలేదు. కొట్టం దగ్గర చంక దిగిన లోహిత నేరుగా కుడితి తొట్టి దగ్గరికి పరుగెత్తింది. అంచున అంటుకుని ఎండిన తీపి పిండిని వేలితో గీరి నోట్లో పెట్టుకుంది. రోజూ వెళ్లే చోటికి వెళ్లినట్టే వెళ్లింది.

కోమలి పిల్లను లాగి, కొంగుతో నోరు తుడుస్తూ అక్కడే కూలబడింది.

"అత్తా, నన్ను నాలుగు కొట్టు. అంతమందిలో నీ మీదేసినా గదా, నువ్వెందుకు కాదనలేదు?"

"కాదనేదానికి నాకు నోరు యాడుండాది?" సుబ్బులమ్మ తొట్టి వైపు చూస్తూ అంది. "మొదటి వారమే కుడితి కమ్మగా వాసనొచ్చినాది. పాలు బాగుండాయి కదా అని నేనూ ఊరకుండినాను. నువ్వు పోసినావు, నేను సూస్తా నిలబడినాను. టీచరమ్మ నన్ను అనింది తప్పు కాదులే."

తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది కోమలికి. అత్త కాళ్లు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సుబ్బులమ్మ ఆమె తల మీద చెయ్యి వేసి, తన కళ్లు కూడా తుడుచుకుంది.

సాయంత్రం కోమలి క్యాను మూత బిగించబోతుంటే సుబ్బులమ్మ మనవరాలి గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడింది. కోమలి దాన్ని నిండుగా నింపింది.

మర్నాడు పాలకేంద్రం వరసలో పక్కింటి అక్క మళ్లీ అడిగింది. "సెప్పవేమే, ఏం మేపుతుండావు?"

కోమలి ఈసారి నవ్వలేదు.

"నా బిడ్డ కూడు మేపినానక్కా. మా అత్త కాదు, నేనే."

వరసలో చివరనున్న వాళ్లకు కూడా వినబడేటట్టు చెప్పింది.