టమాటాలకు పెట్టిన హీటర్

మ్యూరియల్ పొద్దున్నే వంటింట్లోకి దిగేసరికి కిటికీ తెరిచే ఉంది. జూన్ నుంచీ అంతే. ఆ సందులోంచి నారింజరంగు కేబుల్ ఒకటి పెరట్లోకి పాకి, మొక్కలు పెంచే గాజుగది తలుపు కింద దూరి, లోపలి హీటర్‌కు తగులుకుని ఉంది. ఆ హీటర్ టమాటాలకు. కేబుల్ ఉన్నంతకాలం కిటికీ మూసే వీల్లేదు. దాంతో సముద్రపు గాలి లోపలికే, వాన తుంపర లోపలికే. గుమ్మం పక్కన డ్రమ్ములో మొగుడు క్లిఫర్డ్ కుళ్లబెట్టిన ఆకుల కంపూ లోపలికే. చచ్చిన ఎలుక కంపు అది. టమాటా మొక్కలకు అంతకంటే బలమైన తిండి లేదట.

ఆగస్టు నెల. ఆ ఏడు సముద్రపొడ్డు ఊరు వర్కింగ్టన్‌లో ఎండ అన్నది మొహం చూపించలేదు. మ్యూరియల్ కోటు వేసుకునే టీ పెట్టుకుంది.

అక్టోబరు రాకముందు ఇల్లు వెచ్చబెట్టడానికి బాయిలర్ వెలిగించకూడదన్నది టైసన్ల ఇంటి శాసనం. గనిలో పనిచేసిన పెద్ద టైసన్ పెట్టాడు, కొడుకు క్లిఫర్డ్ నిలబెట్టాడు. చలేస్తే ఇంకో స్వెట్టర్ వేసుకోవాలి, అంతే. ఆ వీధి వీధంతా అదే తంతు. ప్రతి ఇంటి వెనక గోడకూ బాయిలర్ గొట్టం ఉంటుంది. స్నానానికి నీళ్లు కాగితే కాసేపు ఆవిరొచ్చి ఆగిపోతుంది. ఆగకుండా వస్తోందంటే ఆ ఇంటివాళ్లు మెత్తబడ్డారని అర్థం, ఇక వీధంతా నవ్వుతుంది. చలికి వణుకుతూ కూచోవడం కూడా గొప్పేనని వీళ్లకు ఎవరు నేర్పారో గానీ, బాగా నేర్పారు.

మ్యూరియల్ అలవాటు పడిపోయింది. అలవాటు పడనిది మనవరాలు నెల్. మొగుణ్ని వదిలేసి కూతురు హేజెల్ నెలల పిల్లతో జులైలో పుట్టింటికి వచ్చింది. వచ్చిన వారానికే పిల్లకు దగ్గు పట్టుకుంది. వెనక గదిలో గోడ చెమ్మ పట్టి నల్లటి బూజు కట్టింది. హేజెల్ నోరు విప్పి ఏమీ అడగలేదు. తలదాచుకోవడానికి వచ్చినదాన్ని, పైగా వెచ్చదనం కూడా అడగనా అని ఆమె బాధ.

అందుకని నిన్న భోజనాల దగ్గర మ్యూరియలే అడిగింది. బాయిలర్ వద్దు, కనీసం ఆ హీటరయినా పిల్ల గదిలో పెట్టమంది. క్లిఫర్డ్ బంగాళాదుంప నములుతూ నవ్వాడు.

"మొక్కలు స్వెట్టర్ వేసుకోలేవు కదా."

తనకే బాగా నచ్చిన జోకు. ఇంకోసారి చెప్పుకుని మరీ నవ్వాడు.

ఇప్పుడు హేజెల్ పిల్లనెత్తుకుని మెట్లు దిగి వచ్చింది. పిల్లకు రెండు స్వెట్టర్లు, చెవులు కప్పిన ఉన్ని టోపీ. ముక్కు చివర ఊదారంగులో ఉంది. హేజెల్ కుర్చీలో కూలబడి, మామూలుగానే అడిగింది.

"నన్ను కూడా ఇలా టోపీ పెట్టే పడుకోబెట్టేదానివా అమ్మా?"

అందులో దెప్పు లేదు. ఉంటే మ్యూరియల్‌కు తేలిగ్గా ఉండేది. టోపీ ఒక్కటే కాదు, చేతులకు మేజోళ్లు కూడా తొడిగేది. వచ్చినవాళ్లతో 'మా ఇంట్లో అంతేనమ్మా' అని నవ్వుతూ చెప్పేది కూడా. గుర్తొచ్చేసరికి టీ కప్పు పక్కకు తోసేసింది.

పిల్లను తీసుకుంది. హేజెల్ చేత కుర్చీ మోయించుకుని పెరట్లోకి నడిచి, గాజుగదిలో దూరి కూచుంది.

లోపల వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికే మ్యూరియల్‌కు ఒళ్లు మండింది. చుట్టూ చూసింది. ఆకుల నిండా గోధుమరంగు తెగులు మచ్చలు. కాడల మీద బూడిదరంగు నూగు. కాయలు పచ్చగా, గులకరాళ్లలా గట్టిగా ఉన్నాయి. ఒకదానికి అడుగున నల్లగా కుళ్లు దిగింది. ఎర్రబడింది మచ్చుకి ఒక్కటంటే ఒక్కటే. ఒక కొమ్మ మెడకు తగిలితే గొంగళిపురుగు పాకినట్టయి విదిలించుకుంది. వేళ్లకు ఆకుపచ్చ జిగురంటింది. దీనికోసమా, అనుకుంది. ఈ దరిద్రం కోసమా.

పిల్ల తలమీది టోపీ తీసేసింది. స్వెట్టర్లు తీసేసింది. మేజోళ్లు కూడా లాగేసింది.

గోడ అవతలి నుంచి పక్కింటి బెరిల్ తల పైకి లేచింది. సెలవలకు వెళ్లావా మ్యూరియల్ అని అడిగింది. అవును, ఎండ కాసే స్పెయిన్ వచ్చామని మ్యూరియల్ చెప్పింది. ఇక బెరిల్ తల దించితే ఒట్టు.

రొట్టె, పేపరు కోసం పొద్దున్నే బయటికెళ్లిన క్లిఫర్డ్ తిరిగొచ్చాడు. పెరట్లో ఆ దృశ్యం చూసి గబగబా వచ్చి గాజుగది తలుపు లాగాడు. అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "తలుపు వేసి పెట్టండి, వేడి పోతుంది."

అనేశాక తన మాట తనకే వినపడింది. ఆగిపోయాడు.

"మన వంటింటి కిటికీ జూన్ నుంచి తెరిచే ఉంది క్లిఫ్," అంది మ్యూరియల్.

"బెరిల్ చూస్తోంది. ఇంట్లోకి పద."

"చూడనీ. నీ ఇంట్లో వెచ్చగా ఉన్న గది ఇదొక్కటే. ఇక్కడే ఉంటాం. మొక్కలు స్వెట్టర్ వేసుకోలేవన్నావు. ఈ పిల్ల రెండు వేసుకుంది. అయినా రాత్రంతా దగ్గింది."

"మా నాన్న రోజుల్లో..."

"మీ నాన్న బొగ్గు తవ్వి, ఆ బొగ్గుకే మొహంవాచి బతికాడు. ఆయనకు వేరే దారి లేదు. నీకేమొచ్చింది? నిన్ను చూస్తే అసహ్యం వేస్తోంది క్లిఫ్. నన్ను చూసుకుంటే ఇంకా అసహ్యంగా ఉంది. నువ్వు చెప్పావని కన్నబిడ్డ చేతులకు మేజోళ్లు తొడిగాను."

గొంతు పెంచలేదు. పెంచితే అతనూ అరిచి బయటపడేవాడు. క్లిఫర్డ్ బోర్లించిన బకెట్ మీద కూచున్నాడు. పిల్ల కాలు అతని మోకాలికి తగిలింది. వేలితో ముట్టుకుని చటుక్కున తీసేశాడు. మళ్లీ ముట్టుకున్నాడు. ఈసారి పాదాన్ని గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"వెచ్చగా ఉంది," అన్నాడు.

ఆ పాదాన్ని వదల్లేదు.

"పసిపిల్లల కాళ్లు చల్లగానే ఉంటాయనుకున్నాను మ్యూరియల్. హేజెల్‌వి అట్లాగే ఉండేవి."

గాజుగది గుమ్మంలో నిలబడ్డ హేజెల్ మొహం తిప్పుకుంది. క్లిఫర్డ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ గదిలో ఆవిరికి అద్దాలు మసకబారే మాట నిజమే. కానీ అద్దాలు తుడిచాక కళ్లు కూడా తుడుచుకున్నాడు.

లేచి ప్లగ్ పీకాడు. కేబుల్‌ను మోచేతికి చుట్టుకుంటూ, కూతురి ముందు నుంచే తలొంచుకుని ఇంట్లోకి వెళ్లాడు. కాసేపటికి వెనక గోడ గొట్టం దగ్గి, తెల్లటి ఆవిరి వదిలింది. అది ఆగలేదు.

"ఏం క్లిఫ్, అక్టోబరు వచ్చేసిందా?" అంది బెరిల్.

"మా ఇంట్లో వచ్చింది," అన్నాడు, ఆ కంపు డ్రమ్మును వెనక సందులోకి దొర్లిస్తూ.

మ్యూరియల్‌కు అతని మీద అసహ్యం అప్పటికప్పుడు పోలేదు. పోయిందంటే అబద్ధం. ఆ ఒక్క ఎర్ర టమాటా క్లిఫర్డ్ కోసి ఉప్పు చల్లి పళ్లెంలో పెడితే, ఒక ముక్క నోట్లో వేసుకుని సింకులో ఉమ్మేసింది. చప్పిడి, పిండిపిండిగా ఉంది. క్లిఫర్డ్ కూడా ఒక ముక్క తిని, నిజమేనని ఒప్పుకుని, తనూ ఉమ్మేశాడు. హేజెల్‌కు నవ్వాగలేదు. ఇంటికొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

కిటికీ చెక్క చెమ్మకు ఉబ్బిపోయి ఎంతకీ పడలేదు. మ్యూరియల్ భుజం ఆనించి తోసింది. అవతల నుంచి క్లిఫర్డ్ కూడా వచ్చి చెయ్యి వేశాడు. కిటికీ మూసుకుంది. ఆ గాజులోంచి చూస్తే, గోడ అవతల బెరిల్ ఇంటి గొట్టం కూడా ఆవిరి వదులుతోంది, ఆగకుండా.