లిస్టులో ఐదోది

ఉదయం ఆరున్నరకి రావమ్మ పాలు పొయ్యి మీద పెట్టిందో లేదో, హాల్లోంచి సింధూరి పిలిచింది.

"అమ్మా, మన వైఫై పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?"

"నాకే గుర్తుండి చావదు, ఎవరికి చెప్తానే?"

సింధూరి ఇంటినుంచే ఆఫీసు పని చేస్తుంది. నెట్ నెమ్మదించిందని రౌటర్ పేజీ తెరిచింది. దానికి కలిసినవన్నీ అక్కడ వరసగా కనిపిస్తాయి. ఇంట్లో ఉన్నవి మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్. లిస్టులో మాత్రం ఐదున్నాయి. ఐదోదానికి పేరు లేదు, ఏవో అంకెలూ అక్షరాలూ ఉన్నాయంతే.

పది నిమిషాలకి అది మాయమైంది. మర్నాడు అదే వేళకి మళ్లీ వచ్చింది. మూడో రోజూ అంతే.

"ఎక్కడో దూరాన కూర్చుని చేస్తున్నాడేమో," అంది రావమ్మ ఆశగా.

"కుదరదమ్మా. వైఫై కూడా రేడియో లాంటిదే. తరంగాలు ఒక్కో గోడ దాటేకొద్దీ నీరసపడతాయి. మహా అయితే మన సందు దాకా వెళ్తాయి. అదెవరైనా సరే, మన ఇంటి పక్కనే నిలబడుతున్నారు."

రావమ్మ గబగబా వెళ్లి వెనక తలుపు గడియ పెట్టింది. భవానీపురంలో వాళ్లది సందు చివరి ఇల్లు. వెనక గోడకి ఊచల గేటు, దాని అవతల పిచ్చిమొక్కలు మొలిచిన ఖాళీ స్థలం. భర్త తిరుపతిరావుకి గుండె ఆపరేషనై నాలుగు నెలలే అయింది. రోజూ పొద్దున్నే ఆయన వెనక వరండాలో అటూ ఇటూ నడుస్తాడు. సరిగ్గా ఆ వేళకే!

"పాస్‌వర్డ్ మార్చేస్తాను నాన్నా, నిమిషం పని," అంది సింధూరి.

"మారిస్తే వాడు జాగ్రత్తపడతాడు. రేపు నేను వరండాలోకి రాను. లోపలే కాచుకుని పట్టుకుందాం."

"పట్టుకోవడానికి మీ ఒంట్లో ఏముందండీ?" రావమ్మ అడ్డుపడింది. ఆయన వినలేదు.

నాలుగో రోజు ముగ్గురూ వంటింట్లో నక్కి నిలబడ్డారు. తిరుపతిరావు చేతిలో కర్ర. రావమ్మ ఆయన చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు.

"వచ్చింది," సింధూరి గుసగుసగా అంది. పది నిమిషాలు దాటినా అది పోలేదు, ఆమె ల్యాప్‌టాప్ మీదికి వంగింది. "సిగ్నల్ పెరుగుతోంది. దగ్గరికొస్తున్నారు నాన్నా..."

వెనక గేటు గొళ్లెం కదిలింది. తిరుపతిరావు ఒక్కసారిగా తలుపు తీశాడు.

"ఎవడ్రా అది!"

గేటు ఊచలు పట్టుకుని, నెత్తిన హెల్మెట్‌తో ఒక అమ్మాయి నిలబడి ఉంది, పక్కన స్కూటీ. అక్షయ. తన మాట కాదని వేరే మతం వాడైన ఫిన్నీని పెళ్లి చేసుకుందని రెండేళ్ల కిందట ఆయన వెళ్లగొట్టిన పెద్దకూతురు.

ఆయన చేతిలో కర్ర దిగలేదు. "దొంగలా ఏంటీ పని? మా నెట్‌తో నీకేం పని? ఈ గడప తొక్కొద్దన్నానా లేదా?"

"తొక్కలేదుగా నాన్నా. గోడ అవతలే ఉన్నాను." అక్షయ హెల్మెట్ తీసింది. "నెట్ సంగతి నాకు తెలీదు. ఈ ఇంటి వైఫై నా ఫోన్లోంచి తీసెయ్యలేదు. దగ్గరికి రాగానే దానంతటదే కలుస్తున్నట్టుంది."

"అసలెందుకొస్తున్నావు?"

"ఆపరేషన్ సంగతి పక్కింటి పద్మావతమ్మ గారు ఈమధ్యే చెప్పారు. రోజూ మీరు నడవడం చూసి డ్యూటీకి వెళ్తున్నాను. ఇవాళ వరండాలో మీరు లేరు. పది నిమిషాలు చూశాను, రాలేదు. తలుపులన్నీ వేసున్నాయి. ఏదో అయిపోయిందనుకున్నా నాన్నా..." వేళ్లన్నీ బిగించి మళ్లీ గేటు ఊచలు పట్టుకుంది.

రావమ్మ ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయింది. మూడు రోజులుగా తను ఎవరికి భయపడి తలుపులు బిగించుకుందో, ఆ మనిషే బయట తమకోసం తనకన్నా ఎక్కువ భయపడుతోంది. "ఇక చాలండీ," అంది ఏడుస్తూ. "మీకు దణ్ణం పెడతాను, చాలు."

తిరుపతిరావు కర్రని గోడకి ఆనించాడు. గేటు రెండు రెక్కలూ తనే తెరిచాడు.

"బండి అక్కడొద్దమ్మా. లోపల పెట్టు."

అక్షయ స్కూటీ నడిపించుకుంటూ వచ్చింది కానీ, కన్నీళ్లకి దారి కనపడక గేటు దగ్గరి గట్టు ఎక్కించలేకపోయింది. ఆయన వెనక్కి వెళ్లి రెండు చేతులూ వేశాడు.

"ఏవండీ! మీరు బరువు తొయ్యకూడదు!" రావమ్మ అరిచింది.

ఆయన చేతులు తియ్యలేదు. సింధూరి పరుగెత్తి ఆయన పక్కన తనూ చెయ్యి వేసింది. బండి గట్టెక్కింది.