సీసాలో మొలతాడు

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు. సూర్యాపేటలోని ఒక చిన్న దవాఖానలో బాలమ్మ ఆయా. చచ్చినోళ్లంటే ఆమెకు భయం లేదు. "బతికున్నోళ్లే పీక్కుతింటరు" అనేది.

కానీ ఆ రోజు బల్ల మీదున్నది ఆమె మనవడే. కోడలు తారకు ఇది మూడో కాన్పు. ఈసారీ చచ్చిన బిడ్డే పుట్టాడు. కోసి చూసి ఎందుకో తెలుసుకుంటే నాలుగో బిడ్డనైనా దక్కించుకోవచ్చని డాక్టరమ్మ అంటే, కోడలికి చెప్పకుండానే బాలమ్మ ఒప్పుకుంది.

పసిబిడ్డ మెదడు తోడుకోని పెరుగులా ఉంటుంది. పట్టుకుంటే చెదిరిపోతుంది. డాక్టరమ్మ దాన్ని నీళ్లలోనే విడదీసి, ఘాటైన మందు నీళ్లున్న సీసాలోకి జార్చింది.

"అడుగుకు తగిలితే అణిగిపోతది. గట్టిపడేదాకా దారంతో వేలాడదీయాలె. దారం ఉన్నదా?"

బాలమ్మ కొంగుముడి విప్పింది. పుట్టబోయే బిడ్డకని తార పేనిన నల్ల మొలతాడు. మొలతాడు కట్టామంటే బిడ్డ మన ఇంటి మనిషైనట్టు. చచ్చి పుట్టినోళ్లకు కట్టరు. తెలిసి కూడా ఇచ్చింది. పాపం, వాడికి ఏదో ఒకటి ఇద్దామనిపించింది. డాక్టరమ్మ దాంతోనే మెదడును సీసాలో వేలాడదీసింది.

తల కుట్టి, గుడ్డ చుట్టి ఇస్తే మూసీ ఒడ్డున బొంద పెట్టారు. మూడో నాడు మనసాగక బాలమ్మ మళ్లీ దవాఖానకు వచ్చి సీసాలోకి చూసింది. ముద్ద మందు నీళ్ల నడుమ వేలాడుతూనే ఉంది...

దారం లేదు.

పైన లేదు. అడుగున లేదు. మరి దేన్ని పట్టుకొని ఆగినట్టు?

ఇంటికి ఉరికింది. గడపలోనే మందు వాసన. కళ్లు మండాయి. తార గోడకు ఆనుకొని, ఒళ్లో చాట పెట్టుకొని పొత్తిగుడ్డలు సర్దుతోంది. పొద్దున రొమ్ముల్లో పాలు గడ్డకట్టి ఏడ్చిన కోడలు, ఇప్పుడు నిమ్మళంగా ఉంది.

"సలుపు తగ్గిందా బిడ్డా?"

"తగ్గింది అత్తా. అంతా తాగిండు."

"ఎవరు?"

"మెల్లగ మాట్లాడు... ఇప్పుడే పండుకున్నడు."

బాలమ్మ గుడ్డ తొలగించింది. చాటలో బిడ్డ లేడు. మొలతాడు ఒక్కటే ఉంది. తడిగా, గుండ్రంగా, ముడి వేసి.

"నాలుగో బిడ్డ మాట ఇగ ఎత్తకు అత్తా," తార గుసగుసలాడింది. "వీనికి కోపమొస్తది."

దవాఖానలో డాక్టరమ్మ అన్న ఆ మాట తారకు ఎవరూ చెప్పలేదు.

చాటలో మొలతాడు పొంగింది. తగ్గింది. నిద్రపోయే బిడ్డ పొట్ట మీద ఉన్నట్టే, మెల్లగా మళ్లీ పొంగింది...