నిద్రమసి

మధ్యాహ్నపు బస్సుల పట్టీ అచ్చు వేసి, ఇంకా వేడి తగ్గని ఆ కాగితాన్ని స్వరూప కొట్టు ముందున్న తీగకు తగిలించింది. యంత్రంలోంచి వాడిన మసిపొరను లాగి వెలుతురుకు పట్టి చూసింది. కాగితం మీద నల్లగా పడిన ప్రతి అక్షరం దగ్గరా పొర మీద మసి ఊడిపోయి ఖాళీ మిగిలింది. మంథని, పెద్దపల్లి, చెన్నూరు, అన్నీ తెల్లగా, తిరగబడి ఉన్నాయి. ఆమె ఆ పొరను పక్కనున్న పూరకంలో దూర్చింది. పూరకం ఆ ఖాళీలను వెతికి, ఒక్కోదానిలో మసి నింపి, నున్నగా అదిమి, ఆమె చాయ్ తాగేలోగా పొరను కొత్తదానిలా చేసి ఇచ్చింది. కొట్టు తెరిచినప్పటి నుంచీ ఆమె వాడుతున్నది ఆ ఒక్క పొరే.

ఏదీ కాల్చకూడదని లోకమంతా చట్టం వచ్చాక మసి పుట్టడం ఆగిపోయింది. తరతరాలుగా బొగ్గు తవ్విన గోదావరిఖనిలోనే చిటికెడు నలుపుకు కరువొచ్చింది. కరెంటును మింగేస్తున్నాయని బొమ్మలూ మాటలూ దాచే నిల్వ కేంద్రాలను కూడా మూసేశారు. దాంతో జనం మళ్లీ కాగితానికి వచ్చారు. బొమ్మయినా పాఠమయినా ఉన్నది ఒక్క ప్రతే. ఆ కాలంలో మసి మండలి పూరకాన్ని తెచ్చి ఊరూరా పెట్టింది. అది రాకపోతే బడి పుస్తకాలు ఉండేవి కావని స్వరూపే నలుగురితో అనేది.

పూరకానికి మసి పాత అచ్చుల్లోంచి వచ్చేది. ప్రతి అచ్చుకాగితం మూలన ఆవగింజంత చూపుగింజ ఒకటి ఉంటుంది. మనిషి కళ్లు ఆ కాగితం మీద ఆనినప్పుడల్లా అది గుర్తుపెట్టుకుంటుంది. నియమం పెట్టిన గడువు దాటేదాకా ఎవరూ చూడని కాగితం మీది నలుపుకు 'నిద్రమసి' అని పేరు పెట్టారు. దాన్ని తోడుకుపోవడానికి మసిబల్లులు వచ్చేవి. అరచేతి పొడవున బూడిద రంగు యంత్రాలు అవి. గోడల మీద పాకుతూ, సన్నటి సందుల్లోకి కూడా దూరుతూ ఇంటింటికీ తిరిగేవి. పాత ధరల చీటీ, అయిపోయిన పెళ్లి పిలుపు, ఏదైనా సరే, మీద పడుకుని వెచ్చబెట్టి నలుపంతా పీల్చి, తెల్లకాగితాన్ని అక్కడే వదిలి వెళ్లేవి. పిల్లలు వాటి వెంట పరుగెత్తేవాళ్లు. పెద్దవాళ్లు వాటిని పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు.

ఆ రోజు పరీక్ష చీటీ అచ్చు వేయించుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. చీటీలో తన పేరు తప్పు పడిందని పకపకా నవ్వింది. ఆ నవ్వు వినగానే స్వరూప చేతులు ఆగిపోయాయి. అచ్చం రవళి నవ్వు.

రవళి ఆమె ఒక్కగానొక్క కూతురు. మూతపడ్డ ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని గుంతలో నిలిచిన నీళ్లలో ఈతకని స్నేహితురాళ్లతో వెళ్లి తిరిగి రాలేదు. మిగిలింది ఒక్క బొమ్మ. దాన్ని గోడకు తగిలించారు గానీ, చూసినప్పుడల్లా స్వరూప కుప్పకూలిపోయేది. కరెంటు పొయ్యి మీద అన్నం మాడిపోయేది. చివరికి ఆమె భర్త ఓదెలు ఒకనాడు మారుమాట లేకుండా ఆ పటాన్ని గోడవైపు తిప్పేశాడు. ఆమె మళ్లీ తిప్పలేదు. ఆ పటం వెనకవైపు అట్టను మాత్రం రోజూ తుడిచేది.

ఆ నవ్వు విన్నాక ఆమె కొట్టు మూసి ఇంటికి వచ్చింది. ఇవాళ చూడగలననిపించింది. చెంగుతో చేతులు తుడుచుకుని పటాన్ని తిప్పింది.

అద్దం వెనక తెల్లకాగితం ఉంది.

ఆమె ఏడవలేదు. పటాన్ని చంకలో పెట్టుకుని మసి మండలి కార్యాలయానికి నడిచింది. దారి పొడవునా పళ్లు కొరుకుతూనే ఉంది.

అక్కడ అప్పటికే వరుస ఉంది. చివరన ఉన్నది గట్టయ్య, ఆమెకు తెలిసిన ముసలి బస్సు డ్రైవరు. ఆయన చేతిలోనూ మడతలు పడ్డ తెల్లకాగితమే.

"ఎవలిది మామా?" అని అడిగింది.

"మీ అత్తది. పెట్టెల, దాని చీరెల కింద దాసుకున్న. బల్లి పెట్టెలకు సుత జొర్రుతదని నాకేం ఎరుక బిడ్డా?"

ఆయన ముందున్న ఒక నడివయసు మనిషి తమ్ముడి బొమ్మ అన్నాడు. ఇంకొకామె నెలల పసివాడిదని చెప్పలేక నోరు మూసుకుంది. స్వరూప వరుసంతా కలయజూసింది. ఆమె కోపం అక్కడే ముదిరింది. వరుసను దాటుకుని నేరుగా అధికారి గదిలోకి వెళ్లింది.

అధికారి పేరు నిరంజన్. చూపుగింజ నియమం రాసిన బృందంలో ఉన్న మనిషి, పట్నం నుంచి ఈ మధ్యనే వచ్చాడు. మర్యాదస్తుడే. లేచి కుర్చీ చూపించాడు.

"కూర్చోండమ్మా."

"కూసునుడు కాదు సారూ. నా బిడ్డ మొకం ఏడున్నదో జెప్పు."

అతను పటాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తోడిన మసి మండలి తొట్టిలో కలిసిపోతుందమ్మా. అక్కణ్ణుంచి ఊళ్లోని పూరకాలకు వెళుతుంది. చెరువులో పోసిన చెంబెడు నీళ్లను వేరు చేయలేం కదా."

"ఊళ్లె పూరకాలంటే, నా కొట్టుల దానికి సుత?"

అతను తలూపాడు. స్వరూపకు ఈ మధ్య తాను ఏమేం అచ్చు వేసిందో వరసగా గుర్తొచ్చింది. ఉల్లిగడ్డల ధర. మామిడిపండ్ల చీటీలు. చెన్నూరు బస్సు ఆలస్యమని ప్రకటన. ఆ నలుపులో ఏది బిడ్డ జడో, ఏది కనుబొమో! తన చేతులతోనే తీగకు వేలాడదీసింది. సాయంత్రానికి చించి పడేసింది.

"ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి," అన్నాడు నిరంజన్, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "అంత ప్రాణమైన బొమ్మను ఇంతకాలం ఒక్కసారి కూడా ఎందుకు చూడలేదమ్మా?"

స్వరూప అతని చేతిలోంచి పటాన్ని లాక్కుంది.

"ఎందుకు జూడలేదా?" స్వరూప గొంతు మొదట మెల్లగానే వచ్చింది. "జూస్తే పానం వోతది గనుక జూడలే. గోడ దిక్కు తిప్పుకున్న. తిప్పుకుంటే పారేసినట్టానయ్యా? దానెన్క నా బిడ్డ ఉన్నదని ఎరుక. గా ఎరుకతోటే అన్నం తిన్న, గా ఎరుకతోటే పొద్దుగాల లేసిన. జూసుడు లెక్కవెట్టే గింజను జేసిన్రు. జూడలేకపోవుడు ఎవడు లెక్కవెట్టాలె?"

"అందరికీ ఒకటే నియమం అమ్మా..."

"ఒకటే నియమమా? బయట వరుస జూసినవా? పెండ్లిబొమ్మ పోయిందని ఒక్కలన్న అచ్చిన్రా? పొల్లగాండ్ల ఆటలబొమ్మ పోయిందని అచ్చిన్రా? బతికున్నోళ్లను అందరు జూస్తరు. మీ బల్లులు ఏరి ఏరి సచ్చినోళ్లనే తిన్నయ్!"

నిరంజన్ తలుపు వైపు చూశాడు. వరుసలో అందరి చేతుల్లోనూ తెల్లకాగితాలే. అతని ముఖం పాలిపోయింది. అయినా ఉద్యోగం నేర్పిన మాటే నోటికి వచ్చింది.

"మండలి పోలికబొమ్మ వేయించి ఇస్తుంది. మీరూ మీ వారూ కూర్చుని ముఖం ఎలా ఉండేదో చెబితే, యంత్రం అచ్చం అలాగే..."

సరిగ్గా అప్పుడు అతని కుర్చీ వెనక గోడ మీద ఒక మసిబల్లి పాత ఉత్తర్వు మీదికి పాకింది. స్వరూప ముందుకు దూకి దాన్ని తోకపట్టి ఊడబెరికింది. ఉన్న బలమంతా పెట్టి నేలకేసి కొట్టింది. దాని కడుపు పగిలి నల్లటి ముద్ద గోడ మీదా, బల్లల మీదా, నిరంజన్ తెల్ల చొక్కా మీదా చిమ్మింది.

"గిది ఎవలి బిడ్డనో జెప్పు!" అని అరిచింది. "తుడువకు! నీ అంగి మీద ఎవలున్నరో జెప్పి తుడువు!"

నిరంజన్ చొక్కా వైపు చెయ్యి ఎత్తి, మళ్లీ దించేశాడు. కావలివాళ్లు వచ్చి ఆమె రెక్కలు పట్టుకున్నారు. గట్టయ్య అడ్డం పడ్డాడు, మిగిలినవాళ్లూ లోపలికి తోసుకొచ్చారు. గొడవ సద్దుమణిగేసరికి పొద్దు వాలింది. కొట్టు మూసేయాలని ఆమెకు ఉత్తర్వు ఇచ్చి వదిలేశారు.

మండలి తప్పు ఒప్పుకోలేదు గానీ, తర్వాత నియమం సవరించింది. చనిపోయినవారి బొమ్మ ఉన్న ప్రతి ఇంట్లో నెలనెలా గంట మోగుతుందనీ, గంట మోగినప్పుడు దాన్ని తప్పనిసరిగా చూస్తే మసి నిలుస్తుందనీ ప్రకటించింది. "ఇగ ఏడుసుటానికి సుత గంట గొడ్తరట," అని గట్టయ్య ఉమ్మేశాడు. స్వరూప ఇంట్లో ఆ గంట కూడా మోగదు. కాపాడుకోవడానికి అక్కడ బొమ్మ లేదు.

ఆ సవరణ ఇంకా రాకముందే, గొడవైన నాడే, ఓదెలుకు చెప్పాల్సి వచ్చింది. అతను పనినుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే పటం తెచ్చి ముందు పెట్టింది. అతను తడి చేతులతోనే దాన్ని అందుకుని, అద్దాన్ని బొటనవేలితో తుడిచి చూశాడు.

"తిప్పింది నేనే," అన్నాడు చివరికి. "నువ్వు బతుకాలెనని తిప్పిన."

"నిన్ను అంటలేను."

"పోలికబొమ్మ గీస్తమన్నరటగదా. పోదాం పా. ఇద్దరం కలిసి జెప్తే ఎంతో కొంత అస్తది."

"నాకద్దు. యంత్రం గీసిన మొకం నా బిడ్డది గాదు."

"ఏమీ లేకుంట ఎట్లుంటం స్వరూపా?"

ఆ మాటకు ఆమె మెత్తబడింది. పీట లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. రేపు అక్కడ తడబడకుండా ఉండాలని ఇద్దరూ చెప్పుకోవడం మొదలుపెట్టారు. వెడల్పు నుదురు. ఒత్తు కనుబొమలు, మధ్యలో కలిసీ కలవనట్టు. కిందిపెదవి కొంచెం లావు. అంతవరకూ ఇద్దరిదీ ఒకటే మాట. చెబుతుంటే బిడ్డ దగ్గరికి వస్తున్నట్టే అనిపించి, ఓదెలు ముఖంలోకి వెలుగొచ్చింది.

"నవ్వితే ఎడమ చెంపకు సొట్ట," అన్నాడు.

"ఎడమ కాదు, కుడి."

"ఎడమనే. ఎత్తుకున్నప్పుడు నా దిక్కున్నదే అది."

"తొమ్మిది నెలలు మోసినదాన్ని, నాకెరుకలేదా? కుడి!"

"నీకు యాది లేదు."

"నాకా? నాకు యాది లేదా?"

ఆమె లేచి నిలబడి అరిచింది. అతనూ లేచాడు. పెళ్లయ్యాక ఎన్నడూ గొంతెత్తని మనిషి ఎడమ, ఎడమ అని గోడ అదిరేలా అరిచాడు. ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. అరిచి అరిచి ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు.

స్వరూప కళ్లు గట్టిగా మూసుకుని బిడ్డను నవ్వించి చూసుకుంది. సొట్ట కుడివైపు పడింది. భర్త మాట తలుచుకుని మళ్లీ చూసింది. ఈసారి ఎడమవైపు పడింది.