మోకాలి చుక్కాని

ఇబ్రహీంపట్నం ఫెర్రీ రేవులో మూరెడు పొడవున్న పడవ ఒకటి గిరగిరా తిరుగుతూ వచ్చి, మెట్టు మీద పెట్టిన క్యారేజీని గుద్దింది. క్యారేజీ దొర్లింది. అందులోని చేపల పులుసు కృష్ణలో కలిసింది. వండిన చేప తిరిగి నదిలోకి వెళ్ళడం ఆ రేవులో అదే మొదటిసారి అయ్యుండాలి.

"ఎవరండీ టేబుల్ ఫ్యాన్ నీళ్ళలో వదిలింది?" అంది సుధామణి.

చేతిలో రిమోట్‌తో పరిగెత్తుకొచ్చాడు బాబీ. "ఫ్యాన్ కాదండి, ఎయిర్‌బోటండి. నా ఫైనలియర్ ప్రాజెక్టు."

"ఆ ఒలికింది మా నాన్న అన్నమండి."

అది రెండువేల మూడో సంవత్సరం. బాబీది చల్లపల్లి. బెజవాడలో మెకానికల్ చదువుతున్నాడు. అసలు పేరు రామకోటేశ్వరరావు, తాతగారిది. కాలేజీలో ఎవరికీ చెప్పడు. సుధామణి అదే కాలేజీలో ఎలక్ట్రానిక్స్. వాళ్ళ నాన్న కాశీరావు ఆ రేవులోనే మోటారు పడవ మీద జనాన్ని అవతలి ఒడ్డుకి దాటిస్తాడు. ఒకే కాలేజీ అయినా వీళ్ళిద్దరూ మాట్లాడుకోవడానికి పులుసు ఒలకాల్సి వచ్చింది.

"దీనికి చుక్కాని ఏదండీ?"

"అదిగోండి, ఫ్యాన్ వెనకాల."

"చుక్కాని నీళ్ళలో కదా ఉండాలి. గాల్లో పెట్టారేంటి?"

"ఇది గాలితోనే నడుస్తుందండి. ఫ్యాన్ గాలి ఆ రెక్కకి కొడితే పడవ తిరుగుద్ది."

"మరి కొట్టట్లేదుగా."

బాబీ పడవని మెట్టు మీద పెట్టి ఫ్యాన్ తిప్పి చూపించాడు. సుధామణి చున్నీ అంచు నుంచి ఒక దారప్పోగు లాగి, తిరుగుతున్న ఫ్యాన్ వెనక పట్టుకుంది. అటూ ఇటూ జరిపితే పోగు రెపరెపలాడింది. సరిగ్గా నడిమధ్యకి తెస్తే మాత్రం కిందికి వేలాడింది. బాబీ చుక్కాని ఉన్నది అక్కడే. అతను చూడాల్సింది దారాన్ని. చూసింది ఆమెని.

"ఒకటి చాలదండి, అటొకటీ ఇటొకటీ పెట్టాలి," అన్నాడు చూపు దారం మీదికి తిప్పుకుని.

"ఇద్దరుంటే తిరుగుద్దంటారు."

"చుక్కానులండి."

"నేనూ వాటి గురించే అంటున్నా," అంది సుధామణి, ఖాళీ క్యారేజీ సర్దుకుంటూ.

రెక్కలకి అట్ట వాడితే నానిపోయింది. రేకు వాడితే బరువుకి పడవ వెనక్కి కూలబడింది. చివరికి సుధామణి ఒక నల్లటి ఎక్స్‌రే ఫిల్ము తెచ్చింది. తేలిక, నీళ్ళకి చెడదు.

"ఎవరిదండీ?"

"మా నాన్న మోకాలు. నొప్పి తగ్గిపోయిందిగా, ఇంక ఫొటో ఎందుకు?"

ఫిల్ముని రెండు రెక్కలుగా కత్తిరించి వెదురు పుల్లలకి అతికించారు. పడవ చెప్పిన మాట విని తిరిగింది.

వినంది సుధామణి చెయ్యి. అది చిన్నప్పటి నుంచి నాన్న పడవ నడిపిన చెయ్యి. ఆ పడవలో చుక్కాని పిడి కుడికి నెడితే పడవ ఎడమకి పోతుంది. రిమోట్ మీది పుల్ల కుడికి తోస్తే పడవా కుడికే. అందుకని ఆమె రిమోట్ పట్టుకున్న ప్రతిసారీ పడవ వెళ్ళి ఒడ్డునున్న గుర్రపుడెక్క మొక్కల్లో దూరేది. బాబీ ప్యాంటు పైకి మడిచి, నీళ్ళలోకి దిగి తెచ్చేవాడు. నిజానికి ప్రాజెక్టు ఎప్పుడో పూర్తయింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

సుధామణి అంటే అతనికి ప్రాణం. బెజవాడలో బస్సెక్కేటప్పుడు ఇవాళ చెప్పేద్దామనుకునేవాడు. రేవులో దిగేసరికి అది "బ్యాటరీ ఛార్జి అయిందండి" అయ్యేది.

ఒక ఆదివారం కాశీరావు పడవ కట్టేసి వాళ్ళ దగ్గరికి వచ్చాడు.

"ఏం బాబూ, ఈ ఫ్యాను పడవ పని ఎప్పటికవుద్ది?"

బాబీ రిమోట్‌ని వెనక్కి దాచాడు.

"రేవులో అందరూ నన్నడుగుతున్నారు. పై ఆదివారం, అదుగో ఆ ఇసక పడవ చుట్టూ తిప్పి దీన్ని నా దగ్గరికి తీసుకురండి. మా అమ్మాయే నడపాలి. వచ్చిందా, ఇది చదువేననుకుంటా. రాలేదా, ఇంక మీరిద్దరూ ఈ రేవులో నిలబడేది లేదు."

బాబీ వారమంతా ఆలోచించాడు. ఆమె చేతిని మార్చడం కంటే పడవని మార్చడం నయమనిపించింది. రిమోట్‌కి రివర్స్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. అది జరిపితే పుల్ల కుడికి తోసినప్పుడు పడవ ఎడమకి వెళ్తుంది, అచ్చం కాశీరావు పడవలాగే. జరిపేశాడు. చెబితే చిన్నబుచ్చుకుంటుందేమోనని చెప్పలేదు.

ఆదివారం సన్నగా చినుకులు పడుతున్నాయి. కాశీరావు లుంగీ ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. సుధామణి రిమోట్ అందుకుంది. పడవ ఇసక పడవ దాకా ముచ్చటగా వెళ్ళింది. అక్కడ ఎడమకి తిరగాలి. కుడికి తిరిగింది.

"అటు కాదండి," అన్నాడు బాబీ.

"ఎడమకే తోస్తున్నానండి," అంది సుధామణి, ఇంకా గట్టిగా తోస్తూ.

పడవ చక్రం కొట్టి కాశీరావు మీదికి బయల్దేరింది. ఆమె కంగారులో ఫ్యాన్ ఆపేసింది. గాలి ఆగితే ఆ చుక్కానులు ఉన్నా లేనట్టే. పడవ అదే ఊపులో తిన్నగా వచ్చి కాశీరావు కుడి మోకాలికి తగిలింది.

ఆయన పడవని పైకెత్తి, రెక్కల్ని వెలుతురుకి పట్టి చూశాడు. "ఇది మోకాలు కదూ?"

"మీదేనండి," అన్నాడు బాబీ.

కాశీరావు కింద మోకాలు, పైన మోకాలు మార్చి మార్చి చూసుకున్నాడు. "తప్పు తిప్పిందెవరు?"

"నేనేనండి. సుధామణి గారికి మీ పడవ అలవాటు కదా అని స్విచ్ రివర్స్ చేశాను."

సుధామణి గిరుక్కున తిరిగింది. "అయ్యో, వారమంతా ఇంట్లో వీడియో గేమ్ పుల్ల పట్టుకుని మీ పద్ధతి నేర్చుకున్నానండి నేను. మీకోసం."

'మీకోసం' అన్నాక ఆమె చూపు నీళ్ళ మీదికి తిప్పేసింది. బాబీకి బ్యాటరీ సంగతి కూడా గుర్తు రాలేదు.

"అంటే, ఈయన నీకోసం మారాడు, నువ్వు ఈయన కోసం మారావు," అన్నాడు కాశీరావు మోకాలు రుద్దుకుంటూ. "మధ్యలో దెబ్బ నాకు. మాటంటే మాటే. రేపట్నుంచి ఇద్దరూ ఈ రేవులో నిలబడటానికి వీల్లేదు."

సుధామణి తల వంచుకుంది.

"ఇంటికొచ్చి కూర్చుని మాట్లాడుకోండి. బాబూ, వచ్చేటప్పుడు మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా. చేపల పులుసు తింటారా వాళ్ళు?"

"నేను తినిపిస్తానండి," అన్నాడు బాబీ.

కాశీరావు నవ్వు దాచుకుని కుంటుకుంటూ తన పడవ వైపు వెళ్ళిపోయాడు. సుధామణి రిమోట్ బాబీ చేతికిచ్చింది. అతను దాని మీది చినుకులు తుడిచి, వేలితో ఏదో సర్దాడు.

"ఇంక ఆ స్విచ్ అలాగే ఉంచండి," అంది మెల్లగా. "నా పాత అలవాటుకే వెళ్ళిపోతాను."

బాబీ రిమోట్ వంక చూసుకున్నాడు. "ఇప్పుడే మామూలుగా పెట్టేశానండి."